నాలుగు వేళ్ల ఫైలు

ఉప్పెన వచ్చిన ఇరవై అయిదేళ్లకి ప్రభుత్వానికి దుఃఖం వచ్చింది.

ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది, ఉత్తర్వు నంబరుతో సహా. ఆ ఉత్తర్వు కింద 'విషాద రజతోత్సవ స్మృతి చిహ్న నిర్మాణ సంఘం' అని ఒకటి పుట్టింది. విషాదానికి రజతోత్సవమేమిటని అడక్కండి. ఆఫీసుల్లో ఇరవై అయిదు నిండితే వెండి, యాభై నిండితే బంగారం. నిండిందేమిటో చూసుకునే తీరిక ఎవరికుంటుంది? సంఘానికి ప్రత్యేకాధికారిగా త్రిపురాంతకం గారిని వేశారు. ఆయన అంతకు ముందు మామిడిపళ్ల ప్రదర్శనకి ప్రత్యేకాధికారి, ఆ పని బాగా చేశాడని పేరు కూడా వచ్చింది.

ఉప్పెన దెబ్బ తిన్న ఊరు ఉప్పుమొండి. సముద్రం ఒడ్డున, చేపలమీద బతికే ఊరు. ఒక్క సాయంత్రంలో అరవై మూడు మంది పోయారు. కానీ దేశానికి గుర్తున్నది అరవై మూడు మంది కాదు, ఒక ఫోటో. మోకాలి లోతు నీళ్లలో ఒక పడుచు నిలబడి ఉంటుంది. జుట్టు విరబోసుకుని, కుడిచెయ్యి ఆకాశంలోకి ఎత్తి, నోరు ఇంత తెరిచి. కింద అచ్చు: 'దేవుణ్ణి నిలదీస్తున్న ఉప్పెన తల్లి.' అది వేయని పేపరు లేదు. విరాళాల డబ్బాల మీదికెక్కింది, క్యాలెండర్ల మీదికెక్కింది, బడిపిల్లల పుస్తకంలోకి పోయింది, ఒక తలనొప్పి మాత్రల కంపెనీవాళ్లు కూడా కొన్నాళ్లు వాడుకున్నారు.

ఆ పడుచు పేరు సంగాడి నూకరత్నం. ఇప్పుడు యాభై దాటాయి. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. ఫోటోలో తెరిచిన నోరు ఇంకా మూయలేదని ఊళ్లోవాళ్లు ఆటపట్టిస్తారు. దేవుణ్ణి నిలదీయడం, నక్షత్రాల్ని ప్రశ్నించడం, అవేవీ ఆవిడ ఎరగదు. ఆవేళ హెలికాప్టరువాడు పులిహోర పొట్లాలు జనం మీద కాకుండా ముళ్లకంపల్లో పడేస్తుంటే, "ఇటెయ్యరా, నీ చేతులు పడిపోనూ" అని అరిచింది. అంతే సంగతి. ఏటా నవంబరులో పేపర్లు ఆ ఫోటో మళ్లీ వేస్తాయి. నూకరత్నం పాత పేపర్లు కొనుక్కొచ్చి, తన మొహంలోనే ఎండు మెత్తళ్లు చుట్టి బేరగాళ్లకి ఇస్తుంది. ఒక్కరూ పోల్చుకోలేదు ఇంతవరకూ.

అయితే ఆ ఫోటోలో ఇంకో సంగతుంది. ఎడమ అంచున చూడండి. నూకరత్నం కొంగు వెనక్కి బిగలాగి ఉంటుంది, దాని కొసన నాలుగు వేళ్లు ఉంటాయి. మణికట్టు దగ్గరే ఫోటో అయిపోతుంది. మూడు కాలమ్‌లలో పట్టాలని పేపరువాళ్లు ఆ పక్కనున్న మనిషిని కోసేశారు. వేళ్లు కూడా కోద్దామంటే నూకరత్నం నడుం తెగుతుందని వేళ్ల వరకూ ఉంచారు. చిటికెనవేలు కొంచెం వంకర.

అవి సత్తెమ్మ వేళ్లు. సత్తెమ్మ నూకరత్నానికి తోడికోడలు, పెద్దది, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. వల తాడు బిగుసుకుని చిటికెనవేలు విరిగితే నాటువైద్యుడు కట్టిన కట్టుకి అది అలా వంకరగా అతుక్కుంది. ఆవేళ పొట్లం కోసం నూకరత్నం ఊరి పక్క ఏటి పోటులోకి దిగిపోతుంటే, గట్టు మీద నిలబడి కొంగు పట్టుకుని ఆపింది. ఆపకపోతే ఫోటో ఉండేది కాదు, నూకరత్నమూ ఉండేది కాదు. దొరికిన ఒక్క పొట్లం నూకరత్నం చేత తినిపించి, తను గుంటలో నీళ్లు తాగి కూచుంది. వాంతులు పట్టుకుని నాలుగో రోజు పొద్దున్న పోయింది.

ఉప్పుమొండిలో ఊరంతటికీ ఒకే రోజు తద్దినాలు. ప్రతి ఇంటా పులుసు కాగుతుంది, భోజనానికి పిలుద్దామంటే ఖాళీగా ఉన్న మనిషి దొరకడు. పొరుగూళ్లనించి అరువు తెచ్చుకుంటారు. సత్తెమ్మ తద్దినం ఒక్కటే విడిగా నాలుగో రోజున వస్తుంది. ఆవేళ ఊరంతా ఖాళీయే. అందుకని ఊరంతా నూకరత్నం ఇంటికే వచ్చి తింటుంది. ఏ పెద్దింటి పెద్దమనిషికీ ఇంత సంతర్పణ జరగలేదని నూకరత్నానికి గర్వం.

ఇలా ఉండగా త్రిపురాంతకం గారి జీపు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారు. ఆయన ఫోటో తీసి నూకరత్నం మొహం పక్కన పెట్టి చూశాడు, పెదవి విరిచాడు, సర్దుకున్నాడు. ఆవిడ ఒక వ్యక్తి కాదనీ, జాతి యొక్క దృశ్యమనీ, తొమ్మిది అడుగుల విగ్రహంగా వెలుస్తుందనీ, కింద నల్లరాతి పలక మీద అరవై మూడు మంది పేర్లు చెక్కుతారనీ చెప్పాడు.

నూకరత్నం విగ్రహం సంగతి పట్టించుకోలేదు. పలక దగ్గర చెవులు రిక్కించింది. ఇరవై అయిదేళ్లుగా ఆవిడ మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, అన్నీ ఒక్క మాట కోసమే. సత్తెమ్మని ఉప్పెనలో పోయినవాళ్లతో కలపండి అని. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి, తను కళ్లు మూస్తే ఆ పేరు పలికే నోరు ఉండదు.

"అరవై నాలుగండి బాబూ," అంది. "మా సత్తెమ్మక్క పేరు లేదు."

త్రిపురాంతకం గారు ఫైలు తిప్పాడు. ఉత్తర్వులో 'విపత్తు కాలావధి' అని ఒక నిర్వచనం ఉంది. దాని ప్రకారం ఉప్పెన పదకొండో తేదీ సాయంత్రం ఆరింటికి మొదలై, పద్నాలుగో తేదీ సాయంత్రం ఆరింటికి ముగిసింది. సత్తెమ్మ పోయింది పదిహేను పొద్దున్న ఏడింటికి. అప్పటికి తుఫాను తీరం దాటిపోయింది కనక అది సాధారణ మరణం. పదమూడు గంటలు ఆలస్యమైందని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

"ఆలస్యం ఆవిడది కాదు బాబూ, మంచినీళ్ల లారీది," అంది నూకరత్నం.

పరిహారం కోసమైతే వేరే దరఖాస్తు ఉంటుందని ఆయన సలహా ఇచ్చాడు. డబ్బు కాదు, పేరు కావాలని చెప్పింది. ఫోటో లాక్కుని ఆ నాలుగు వేళ్లూ చూపించింది. చిటికెనవేలు వంకర చూపించి దాని కథంతా చెప్పింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"వేళ్లు ఫోటోలో ఉన్నాయి కనక వేళ్లు చారిత్రకం," అన్నాడు చివరికి. "మనిషి ఫోటోలో లేదు కనక మనిషి..." మాట కోసం వెతుక్కున్నాడు. "మనిషి అనుబంధం. అనుబంధాలు సంఘం పరిశీలిస్తుంది."

పాపం, అన్నమాట ప్రకారం సంఘం పరిశీలించింది. జిల్లా ఆఫీసులో పొడుగాటి బల్ల, నీళ్ల సీసాలు, జీడిపప్పు. నూకరత్నాన్ని 'సజీవ సాక్ష్యం' కింద పిలిచి గోడవార బెంచీ మీద కూచోబెట్టారు. మాట్లాడబోతే గుమాస్తా వచ్చి, సాక్ష్యాన్ని పరిశీలించాలే గాని సాక్ష్యం మాట్లాడకూడదని చెవిలో చెప్పి వెళ్లాడు. ఆవిడ జీడిపప్పు తింటూ కూచుంది.

ముందు సౌందర్యశాస్త్ర సలహాదారు లేచాడు. ఆ నాలుగు వేళ్లూ మృత్యుహస్తమని, జీవితం ముందుకు సాగబోతుంటే మృత్యువు కొంగు పట్టి లాగుతోందని, ఆ చిటికెనవేలి వంపులో విశ్వవిషాదమంతా ఉందని అరగంట చెప్పాడు. అందరూ తలలూపారు. కానీ మంత్రిగారు ఆవిష్కరించే విగ్రహానికి మృత్యువు చెయ్యి ఉంటే శకునం బాగుండదని ఎవరో గొణిగారు. దాంతో మృత్యువు అక్కడికక్కడే చచ్చిపోయింది.

అప్పుడు త్రిపురాంతకం గారికి తోచింది. అది మృత్యువు చెయ్యి కాదు, ప్రభుత్వపు ఆపన్నహస్తం. మునిగిపోతున్న ప్రజని వెనకనించి పట్టి కాపాడుతోంది. చప్పట్లు. నూకరత్నం బెంచీ మీదనించి లేచి, అది మా అక్క చెయ్యండీ అంది. 'సాక్షి భావోద్వేగానికి లోనైరి' అని మినిట్సులో రాసుకున్నారు.

ప్రభుత్వం అనగానే ఏ శాఖ అన్న ప్రశ్న వచ్చింది. ఇక చూడండి. ఉప్పెన నాడు ఒక్క శాఖా ఊళ్లోకి అడుగుపెట్టలేదు గాని, వేళ్ల దగ్గరికి వచ్చేసరికి అన్నీ ముందే ఉన్నాయి. పట్టు చూస్తే రెవెన్యూ పట్టులా ఉందని తహసీల్దారు అన్నాడు. దొంగని పట్టినట్టు పట్టింది కనక పోలీసులదేనని డీఎస్పీ అన్నాడు. నాడి చూడబోతున్న చెయ్యని ఆరోగ్యశాఖ, వల లాగే చెయ్యని మత్స్యశాఖ. ఆ ఒక్కటీ కొంచెం నిజమే, పాపం, ఆయనకి తెలీకుండా అనేశాడు. చివరికి రాజీ కుదిరింది. నాలుగు వేళ్లు, నాలుగు శాఖలు, తలో వేలు. చూపుడువేలు రెవెన్యూకి, మధ్యవేలు పోలీసుకి, ఉంగరపువేలు ఆరోగ్యానికి పోయాయి. వంకర చిటికెనవేలు వద్దు వద్దంటున్నా మత్స్యశాఖకి అంటగట్టారు. ఫోటోలో బొటనవేలు కనపడలేదు కనక అది ఆర్థికశాఖదని ఎవరూ అడక్కుండానే ఒప్పేసుకున్నారు.

వేళ్లకి ఎవరైనా యజమానులుండొచ్చు, చేసేవాడు మాత్రం ఒకడే. అతని పేరు లక్కోజు పురుషోత్తమాచారి. పక్క పట్నంలో రోడ్డు పక్కన పెద్ద రేకుల షెడ్డు. చెయ్యి చూపిస్తున్న నాయకులు, చెయ్యి ఊపుతున్న నాయకులు, చేతిలో పుస్తకమున్న నాయకులు, అందరూ తలల్లేకుండా వరసగా నిలబడి ఉంటారు. ఆర్డరు వచ్చినప్పుడు తల అతికిస్తాడు. ఈ పనికి కూడా చెయ్యెత్తిన మొండెం ఒకటి సిద్ధంగా ఉంది, మీసాలు గీకి చీర కడితే సరిపోతుందని త్రిపురాంతకం గారే సలహా ఇచ్చాడట. ఆచారి ఒప్పుకోలేదు. ఇది కొత్తగా చేస్తానన్నాడు.

నూకరత్నం బుట్ట దింపుకుని షెడ్డులోకి వెళ్లేసరికి మట్టి నమూనా పూర్తయింది. తన మొహం చూసి, ఇంత అందంగా ఎప్పుడున్నానండీ అని నవ్వింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గాని, బతికుండగానే తనకి చారెడు కళ్లు పెట్టేశాడు. తర్వాత చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది. అక్కడ కొంగు, కొంగు కొసన నాలుగు వేళ్లు.

ఆచారి అదేమి చూపో గాని, ఫోటోలో మసకగా ఉన్నదాన్ని భూతద్దం పెట్టి చూసి ఉన్నదున్నట్టు దింపాడు. గోళ్లు, కణుపులు, ఆ వంకర. నూకరత్నం తడిమట్టి చిటికెనవేలు తన వేళ్లతో పట్టుకుని అలా నిలబడిపోయింది. ఎప్పుడో పోయిన మనిషి వేలు ఇలా మళ్లీ దొరుకుతుందని ఆవిడ అనుకోలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. ఆచారి బీడీ వెలిగించుకుని అటు తిరిగాడు.

తర్వాత ఆవిడ కథంతా చెబితే విన్నాడు. తన చేతిలో ఏమీ లేదన్నాడు. పలక ఇంకో కాంట్రాక్టరుది, పేర్ల జాబితా కవరులో సీలేసి వచ్చింది. తను చెయ్యగలిగింది వేలు వంకరగా ఉంచడమొక్కటే.

అది కూడా ఉంచనిస్తేగా. ఫైబరు పోత పోసి, కంచు రంగు వేసేసరికి మత్స్యశాఖ నించి కాగితం వచ్చింది. తమ వాటాకొచ్చిన వేలు వంకరగా ఉండటం శాఖ ప్రతిష్ఠకి భంగకరం కనక నిటారుగా చేయించాలని. ఆ సంగతి తేలకముందే గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకోటి పడింది. విగ్రహం నమూనా ఫోటో పేపర్లో వచ్చింది, కింద 'ప్రభుత్వ ఆపన్నహస్తం' అని. మర్నాడు మహిళా సంఘాలవాళ్లు సూటిగా ఒక్క ప్రశ్న అడిగారు. ఆపన్నహస్తమైతే చెయ్యి పట్టుకోవాలి గాని, వెనకనించి ఆడదాని కొంగు లాగడమేమిటి? నాలుగు శాఖలూ కలిసి ఒక పేదరాలి కొంగు లాగుతుంటే దానికి మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తారా?

నిండు సభలో ఆడదాని కొంగు లాగితే ఏమవుతుందో ఈ దేశంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. సచివాలయానికి తెలియడానికి ఒక పూట పట్టింది. సాయంత్రానికి నాలుగు శాఖలనించీ నాలుగు లేఖలు వచ్చాయి. సదరు వేలితో తమ శాఖకి పూర్వం గాని, ప్రస్తుతం గాని, భవిష్యత్తులో గాని ఎటువంటి సంబంధమూ లేదని తెలియజేయడమైనదట. కావాలని కొట్టుకున్నవాళ్లే వద్దని కొట్టుకున్నారు. ఫైబరు చెయ్యి కాస్తా అనాథ అయిపోయింది.

త్రిపురాంతకం గారు ఆచారికి ఉత్తర్వు పంపాడు. 'కొంగును యథాతథంగా ఉంచుతూ, వేళ్లను తొలగించవలెను. కొంగు గాలికి ఎగిరినట్లుగా భావించవలెను.'

ఈ మాట తెలిసి నూకరత్నం జిల్లా ఆఫీసుకి వెళ్లింది. సగం రోజు నిలబెట్టాక త్రిపురాంతకం గారు దొరికాడు. వేళ్లు ఎవరివీ కావని నాలుగు శాఖలూ రాసిచ్చాయి కదా, ఎవరివీ కానివి మా అక్కకి ఇచ్చెయ్యండి బాబూ అని అడిగింది. న్యాయంగానే ఉంది. కానీ వేళ్లు తీసేశాక ఇక వాటికి పేరు పెట్టే ప్రశ్న ఉత్పన్నం కాదని ఆయన వివరించాడు. ఫైలు మూసి దారం కూడా కట్టేశాడు.

ఆవిష్కరణ పదకొండో తేదీన జరగాలి. ఆవేళ మంత్రిగారికి ఎవరిదో పెళ్లి. పన్నెండున ప్రయాణానికి వారశూల. పదమూడున కార్యవర్గం. పద్నాలుగున బాలల దినోత్సవం. అటు తోసీ ఇటు తోసీ పదిహేనుకి పెట్టారు. త్రిపురాంతకం గారు అదేమీ గమనించలేదు. నూకరత్నం గమనించింది. ఆ పొద్దున్న సత్తెమ్మ తద్దినానికి పులుసు కింద మంట సర్ది, పక్కింటావిణ్ణి చూస్తుండమని చెప్పి సముద్రపు ఒడ్డుకి వచ్చింది.

షామియానాలు, మైకులు, పూలకుండీలు. నూకరత్నానికి జాకెట్టు మీద 'దృశ్యమూర్తి' అని ఒక రిబ్బను గుచ్చి ముందు వరసలో కూచోబెట్టారు. విగ్రహం ప్రజలతో మమేకం కావాలన్న సలహాదారు మాట మీద మోకాలెత్తు దిమ్మ మీదే పెట్టారు. దాని మీద పట్టుగుడ్డ కప్పారు. పదిన్నరకి సముద్రపు గాలి లేచింది.

గాలి లేవగానే విగ్రహం వెనకనించి టకటకమని చప్పుడు. ఆచారి పరుగెత్తి గుడ్డ ఎత్తి చూశాడు. సంగతేమిటంటే, ఆ వేళ్లలోంచి ఒక ఇనపకమ్మీ దిమ్మలోకి దిగి ఉండేది. అంత పొడుగు కొంగుని నిలబెట్టిందదే. వేళ్లతోపాటు కమ్మీ కూడా తీయాల్సొచ్చింది. ఇప్పుడు కొంగు గాలికి ఎగిరినట్లుగా భావించనక్కర్లేదు, నిజంగానే ఎగురుతోంది. నడుం దగ్గర బీట తీసింది.

"ఇంకో పావుగంట ఇలా ఊగితే కొంగుతోపాటు నడుం కూడా ఊడొస్తుందండి," అని త్రిపురాంతకం గారికి చెప్పాడు. "ఎవరైనా పట్టుకోవాలి."

మంత్రిగారి కార్లు వంతెన దాటాయని ఫోను. ఒక కానిస్టేబులు పాపం ముందుకు వచ్చి చెయ్యి చాచాడు. ఎస్సై వాడి చొక్కా పట్టి వెనక్కి గుంజాడు. చెయ్యేశావంటే మన శాఖే కొంగు లాగినట్టు, పేపర్లో పడతామన్నాడు. అది విని రెవెన్యూ వాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. ఆరోగ్యశాఖ చేతులు కట్టుకుంది. మత్స్యశాఖ ఎటో వెళ్లిపోయింది. అంత మంది ప్రభుత్వం ఉండి, ఒక్క చెయ్యి ఖాళీగా లేదు.

త్రిపురాంతకం గారు చెమటలు తుడుచుకుంటూ నూకరత్నం దగ్గరికి వచ్చి, కాస్త పట్టుకోమ్మా, నీ కొంగే కదా అన్నాడు.

నూకరత్నం లేచి వెనక్కి వెళ్లింది. గట్టు మీద సత్తెమ్మ నిలబడినట్టే నిలబడి, నాలుగు వేళ్లతో కొంగు పట్టుకుంది. టకటక ఆగిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"ఆచారిగారి చేత నా చెయ్యున్న చోట మా అక్క పేరు చెక్కించండి," అంది. "లేకపోతే వదిలేస్తాను."

త్రిపురాంతకం గారి మొహం చూడాలి. పలక మారాలంటే మంత్రివర్గం ఆమోదించాలన్నాడు. పలక మీద వద్దు, కొంగు మీద చాలంది. ఆయన ఫైలు లేకపోయినా ఫైలు తిప్పుతున్నట్టు వేళ్లు ఆడిస్తూ, విపత్తు కాలావధి అని మొదలెట్టాడు.

"ఇయ్యాల తేదీ ఎంత బాబూ?"

"పదిహేను."

"ఉప్పెన పద్నాలుగుతో అయిపోయిందన్నారు మీరు. అయిపోయిన ఉప్పెనకి ఈ పందిళ్లేంటి, ఈ మైకులేంటి? మంత్రిగారు పదిహేనున వస్తే అది ఉప్పెన, మా అక్క పదిహేనున పోతే కాదా?"

ఆయన మనసులో అన్ని ఉత్తర్వులూ వెతుక్కున్నాడు, పాపం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సైరన్ దగ్గరయింది. నూకరత్నం రెండు వేళ్లు సడలించింది. కొంగు టక్కుమంది.

"కనపడని చోట ఏదైనా గీసుకోండి. నేను చూడలేదు," అని త్రిపురాంతకం గారు వీపు తిప్పాడు. ఆయన సర్వీసులో సంతకం లేకుండా ఇచ్చిన ఒకే ఒక్క ఉత్తర్వు అది.

ఆచారి జేబులోంచి చిన్న ఉలి తీశాడు. సత్తెమ్మ, మూడక్షరాలు. ఇరవై అయిదేళ్లు మెట్లెక్కి దిగిన పని మూడు నిమిషాల్లో అయిపోయింది. నూకరత్నానికి చదువు రాదు. గీతల మీద బొటనవేలితో తడిమి చూసుకుంది, ఒకటి, రెండు, మూడు. సరిపోయాయి. పేరు మీద చెయ్యి కప్పి నిలబడింది.

మంత్రిగారు వచ్చారు, గుడ్డ లాగారు, దండ వేశారు. వెనక నిలబడ్డ ఆడమనిషిని చూసి ఈవిడెవరని అడిగారు.

"సపోర్టు సార్," అన్నాడు త్రిపురాంతకం గారు.

ఫోటోగ్రాఫర్లు ముందుకి తోసుకొచ్చారు. మంత్రిగారి పక్కన విగ్రహం మొహం పడాలి, చెయ్యి పడాలి. అందులో ఒక కుర్రాడు, ఉప్పెన నాటికి పుట్టి కూడా ఉండడు, ఆ విగ్రహం మొహాన్ని కెమెరాలోంచి భక్తిగా చూసి, నూకరత్నంతో కొంచెం విసుగ్గా, పెద్దమ్మా, ఫ్రేములోకొస్తున్నావు, వెనక్కి జరుగు అన్నాడు. ఆవిడ చెయ్యి వదలకుండా ఎంత జరగ్గలదో అంత జరిగింది.

కార్లు వెళ్లిపోయాయి, షామియానాలు విప్పేశారు. నూకరత్నం మాత్రం కదల్లేదు. వదిలితే విరుగుతుంది, విరిగితే పేరు పోతుంది. పొద్దు నడినెత్తికొచ్చాక ఊళ్లోవాళ్లు ఇక ఆగలేక పులుసు కుండ, అన్నం గుండిగ అక్కడికే మోసుకొచ్చేశారు. సత్తెమ్మ తద్దినం ఆ ఏడు విగ్రహం కాళ్ల దగ్గర జరిగింది. ఊరంతా ఇసకలో బంతులు తీరి కూచుని తిన్నారు. నూకరత్నానికి పక్కింటావిడ ముద్దలు చేసి నోట్లో పెట్టింది. పులుసులో ఉప్పు ఎక్కువైందని నూకరత్నం అలా నిలబడే తగవేసుకుంది.

త్రిపురాంతకం గారు కూడా వెళ్లలేకపోయాడు, విరిగితే సంతకం తనది. ఆయనకీ ఒక విస్తరి వేశారు. రెండోసారి పులుసు అడిగి పోయించుకున్నాడు. తిన్నాక చెయ్యి కడుక్కుని, ఒక చీటీ రాశాడు. 'కొంగునకు నిర్మాణపరమైన సపోర్టు, రకం నాలుగు శాఖలది, అందుబాటులో ఉన్న సామగ్రితో తక్షణం అమర్చవలెను.' ఆచారి ఆ చీటీ చదివి, ఆటోలో గోనెసంచిలో దాచి తెచ్చిన వేళ్లు తీశాడు. పారెయ్యడానికి చేతులు రాలేదని చెప్పాడు. కమ్మీ దింపి, వేళ్లు బిగించాడు, వంకర చిటికెనవేలుతో సహా. పేరు వాటి కింద జానెడు దూరంలో కనపడేటట్టు చూశాడు. నూకరత్నం అప్పుడు చెయ్యి తీసింది. ఒక్కొక్క వేలూ కొయ్యబారిపోయింది.

మర్నాడు పొద్దున్న బుట్ట ఎత్తుకునే ముందు టీ కొట్టు దగ్గర ఆగింది. కొట్టతను పేపరు పరిచి చూపించాడు. మొదటి పేజీలో మంత్రిగారి మొహం, విగ్రహం మొహం. ఎడమ అంచున కొంగు, కొంగు కొసన నాలుగు వేళ్లు. మణికట్టు దగ్గర ఫోటో అయిపోయింది.

కింద ఏం రాశారని అడిగింది. 'ఉప్పెన తల్లి కొంగు పట్టిన అజ్ఞాత హస్తం' అని చదివాడు. అజ్ఞాత అంటే ఎవరిదో తెలీదని అర్థం చెప్పాడు.

నూకరత్నానికి నవ్వొచ్చింది. ముందు చిన్నగా నవ్వింది, తర్వాత కొట్టు బల్ల పట్టుకుని నవ్వింది, కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. కొట్టతను భయపడి మంచినీళ్ల గ్లాసు ఇచ్చాడు.

"ఇన్నాళ్లకి ఈ కోత నాకూ పడింది, అక్కా," అంది ఆ కాగితంతోనే. "అయినా తెలీకపోడమేంటి, నా మొహం. ఆ చెయ్యి ఎత్తి చూడమనండి, కింద పేరుంది."

టీ తాగి, ఆ పేజీ చింపి ఇమ్మని అడిగి తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. ఆ ఒక్క కాగితం మాత్రం చేపలకి వాడలేదు.